కందుకూరి వీరేశలింగం

కందుకూరి వీరేశలింగం (ఏప్రిల్ 16, 1848 - మే 27, 1919) తెలుగుదేశంలో సంఘ సంస్కరణోద్యమానికి ఆద్యుడు, ఉపాధ్యాయుడు, పత్రికా సంపాదకుడు, గద్య రచయిత. ఆయనకు గద్య తిక్కన అనే పేరుంది. వితంతు వివాహాలు జరిపించిన వ్యక్తిగా ఆయన అందరికీ తెలుసు. అయితే ఆ పనులన్నింటి వెనుక రాజమండ్రిలో 1878లో ఆయన మిత్రులతో కలసి స్థాపించిన ప్రార్థన సమాజం ఉంది. వారం వారం ఒకచోట చేరి, విగ్రహం లేకుండా ఒకే దేవుని ప్రార్థించిన ఆ చిన్న బృందమే ఆంధ్రదేశంలో ఆరాధన, విద్య, సంఘసేవ అనే మూడింటిని ఒక తాటిపై నడిపిన తొలి ఆధునిక సమాజాలలో ఒకటి. ఈ వ్యాసంలో వీరేశలింగం జీవితాన్ని ముఖ్యంగా ఆ సమాజంతో ఉన్న సంబంధం దృష్ట్యా వివరించడం జరిగింది.

బాల్యం, విద్యాభ్యాసం

వీరేశలింగం గోదావరి ఒడ్డున ఉన్న రాజమండ్రిలో (నేటి రాజమహేంద్రవరం) సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు జన్మించాడు. వీరిది నియోగి బ్రాహ్మణ కుటుంబం. పూర్వీకులు కందుకూరు నుండి వలస వచ్చినందువల్ల ఇంటిపేరు కందుకూరి అయింది. ఆరు నెలల వయసులో ఆయనకు మశూచి సోకింది. నాలుగేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. అప్పటి నుండి పెదతండ్రి వెంకటరత్నం సంరక్షణలో పెరిగాడు.

తొలుత వీధిబడిలో చేరి బాలరామాయణం, ఆంధ్రనామ సంగ్రహం, అమరం, శతకాలు నేర్చుకున్నాడు. పన్నెండేళ్ళ వయసులో రాజమండ్రిలోని ఇంగ్లీషు పాఠశాలలో చేరాడు. చదువులో ఎప్పుడూ ముందుండేవాడు. చిన్ననాటి నుండే దయ్యాలు, శకునాలు వంటి వాటిపై నమ్మకం ఉండేది కాదు. అవి అబద్ధమని నిరూపించడానికి అర్ధరాత్రి వేళ శ్మశానానికి వెళ్ళేవాడని చెబుతారు.

ఆ కాలపు ఆచారాన్ని బట్టి 1861లో ఆయనకు బాల్యవివాహం జరిగింది. వధువు పేరు బాపమ్మ. ఆమెకు తరువాత రాజ్యలక్ష్మి అని పేరు మార్చారు. ఆ దంపతులకు సంతానం లేదు. వీరేశలింగం చేసిన ప్రతి పనిలోనూ ఆమె పాలు పంచుకుంది.

ఉపాధ్యాయ వృత్తి, పత్రిక

మెట్రిక్యులేషన్ పూర్తయ్యాక వీరేశలింగం ముందు రెండు దారులున్నాయి. ప్రభుత్వోద్యోగం లంచం ఇవ్వనిదే రాదని తెలిసి ఆ ప్రయత్నం మానుకున్నాడు. న్యాయవాద వృత్తిలో అబద్ధాలు ఆడక తప్పదని భావించి దాన్నీ చేపట్టలేదు. చివరికి ఉపాధ్యాయుడయ్యాడు. కోరంగిలోనూ, ఆ తరువాత ధవళేశ్వరంలోనూ ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసాడు.

ఆ రోజులలో గోదావరి డెల్టా వేగంగా మారుతూ ఉంది. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కాలువల వలన పంటలు, రాకపోకలు, వ్యాపారం పెరిగాయి. రాజమండ్రిలో 1853లో స్థాపించిన ప్రభుత్వ పాఠశాల క్రమంగా కళాశాలగా ఎదిగింది. కొత్త చదువు, కొత్త ఉద్యోగాలు వచ్చాయి గాని, ఇంటిలోని ఆచారాలు మాత్రం మారలేదు. ఐదారేళ్ళ బాలికలకు పెళ్ళిళ్ళు చేయడం, భర్త పోతే ఊహ తెలియని వయసులోనే వారికి తల గొరిగించి మూలన కూర్చోబెట్టడం, కన్యాశుల్కం, వేశ్యల మేళాలు సర్వసాధారణంగా ఉండేవి.

ఈ పరిస్థితుల్లో వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఒక బాలికా పాఠశాలను ప్రారంభించాడు. అదే సంవత్సరం అక్టోబరులో వివేకవర్ధని పత్రికను స్థాపించాడు. తెలుగు భాషాభివృద్ధి, సంఘ సంస్కరణ ఆ పత్రిక లక్ష్యాలు. లంచగొండి అధికారులను, దురాచారాలను అది పేరు పేరునా ఎండగట్టేది. 1876లో ఆయన ధవళేశ్వరం విడిచి రాజమండ్రి చేరుకున్నాడు. ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితుడిగా నియమితుడయ్యాడు. ఈ ఉద్యోగం వల్ల ఆయనకు ఉత్సాహవంతులైన యువ విద్యార్థుల సాంగత్యం లభించింది. తరువాతి కాలంలో ఆయనకు అండగా నిలిచినవారిలో చాలామంది ఈ విద్యార్థులే.

బ్రహ్మసమాజ నేపథ్యం

ప్రార్థన సమాజం గురించి తెలుసుకోవాలంటే ముందుగా బ్రహ్మసమాజం గురించి కొంత తెలుసుకోవాలి. రాజా రామమోహన రాయ్ 1828లో కలకత్తాలో బ్రహ్మసమాజాన్ని స్థాపించాడు. దేవుడు ఒక్కడే, ఆయన నిరాకారుడు, కులభేదం లేకుండా అందరూ కలసి ఆయనను ప్రార్థించవచ్చు అనేవి ఈ సమాజపు మూల సూత్రాలు. తరువాతి తరంలో కేశవ చంద్ర సేన్ ఈ భావాలను దేశమంతటా ప్రచారం చేసాడు. 1864లో ఆయన మద్రాసు, బొంబాయి నగరాలను సందర్శించాడు. ఆ ప్రభావంతో అదే సంవత్సరం మద్రాసులో వేద సమాజం, 1867లో బొంబాయిలో ప్రార్థన సమాజం ఏర్పడ్డాయి.

ఈ భావాలు రాజమండ్రికి ప్రధానంగా పుస్తకాల ద్వారా, ఉపాధ్యాయుల ద్వారా చేరాయి. వీరేశలింగం యుక్తవయసులో కేశవ చంద్ర సేన్ రచనలు చదివాడు. రాజమండ్రిలో ఉపాధ్యాయుడైన ఆత్మూరి లక్ష్మీనరసింహం బ్రహ్మసమాజ సిద్ధాంతాల పట్ల ఆయనలో ఆసక్తిని పెంచాడు. అంతకు ముందు నిత్యపూజలు శ్రద్ధగా చేసే వీరేశలింగానికి క్రమంగా విగ్రహారాధనపైన, కర్మకాండపైన నమ్మకం సడలింది. దైవంపై నమ్మకం మాత్రం పోలేదు. ఆయన నాస్తికుడు కాలేదన్న విషయం ఇక్కడ గమనించదగినది. తుది వరకు ఆయన ఆస్తికుడే. తరువాతి కాలంలో ఆయన సంస్థలకు ఆస్తిక అనే పేరు రావడం కూడా ఇందుకు నిదర్శనం.

రాజమండ్రి ప్రార్థన సమాజం

1878లో వీరేశలింగం తన స్నేహితులతో కలసి రాజమండ్రిలో ప్రార్థన సమాజాన్ని స్థాపించాడు. ఆత్మూరి లక్ష్మీనరసింహం, బసవరాజు గవర్రాజు మొదలైనవారు ఆయనకు తోడుగా నిలిచారు. సభ్యుల సంఖ్య ఎన్నడూ పెద్దది కాదు. కళాశాల విద్యార్థులు, ఉపాధ్యాయులు, కొందరు ఉద్యోగులు, న్యాయవాదులు ఇందులో పాల్గొనేవారు.

ఆరాధన పద్ధతి

బ్రహ్మసమాజ సంప్రదాయంలో ఆరాధనకు విగ్రహం గాని, అర్చకుడు గాని, నైవేద్యం గాని ఉండవు. సభ్యులు వారానికొకసారి సమావేశమవుతారు. ముందుగా భగవంతుని స్తుతిస్తూ కీర్తనలు పాడతారు. తరువాత కొంతసేపు మౌనధ్యానం, ప్రార్థన ఉంటాయి. ఉపనిషత్తుల నుండి, ఇతర మత గ్రంథాల నుండి కొన్ని భాగాలను చదివి అర్థం చెబుతారు. సభ్యులలో ఒకరు నీతి, భక్తి విషయాలపై ప్రసంగిస్తారు. తిరిగి కీర్తనతో సమావేశం ముగుస్తుంది.

ఆనాటి రాజమండ్రి వంటి పట్టణంలో ఇటువంటి ఆరాధన పలు విధాల కొత్తది. దేవాలయంలో ఎవరు ఎక్కడి వరకు రావచ్చునో కులమే నిర్ణయించేది. ఇక్కడ అందరూ ఒకే వరుసలో కూర్చునేవారు. దేవాలయంలో మంత్రం సంస్కృతంలో ఉండి, అర్చకునికి తప్ప ఇతరులకు అర్థమయ్యేది కాదు. ఇక్కడ ప్రార్థన, ప్రసంగం వినేవారి భాషలోనే సాగేవి. అర్చకునికి ఇచ్చే దక్షిణ బదులు పేదవారికి చేసే సహాయమే దైవారాధనలో భాగమని బోధించేవారు.

విద్యాభ్యాసం

ప్రార్థనతో పాటు చదువు కూడా ఈ బృందపు నిత్యకృత్యం. సంఘ సంస్కరణ విషయాలపై ఉపన్యాసాలు, చర్చలు తరచుగా జరిగేవి. శాస్త్ర గ్రంథాలలో ఏముందో, ఆచారంలో ఏముందో పోల్చి చూసేవారు. ఈ చర్చల ఫలితాలు వివేకవర్ధని ద్వారా ఊరు దాటి వెళ్ళేవి. స్త్రీల కొరకు వీరేశలింగం 1883లో సతీహితబోధిని అనే పత్రికను ప్రారంభించాడు. సత్యవతీ చరిత్రము, చంద్రమతీ చరిత్రము వంటివి స్త్రీలు స్వయంగా చదువుకోవడానికి వీలుగా సులభమైన గద్యంలో వ్రాసాడు. బాలురు, బాలికలు ఒకేచోట చదువుకునే పద్ధతిని కూడా తన పాఠశాలలో ప్రవేశపెట్టాడు.

విద్యార్థులచేత నాటకాలు ఆడించడం మరొక కార్యక్రమం. న్యాయస్థానాల్లోని అవినీతిని వెక్కిరిస్తూ ఆయన వ్రాసిన వ్యవహార ధర్మబోధినిని విద్యార్థులు 1880లో ప్రదర్శించారు. తెలుగులో ప్రదర్శించబడిన తొలి ఆధునిక నాటకాలలో ఇదొకటిగా పరిగణించబడుతుంది.

వితంతు వివాహోద్యమం

వితంతు వివాహాలకు 1856లోనే చట్టం అనుమతి లభించింది. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కృషి ఫలితంగా ఆ చట్టం వచ్చింది. అయినా రెండు దశాబ్దాలు గడిచాక కూడా గోదావరి మండలంలో దానిని ఉపయోగించుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

1879 ఆగష్టులో వీరేశలింగం రాజమండ్రిలో వితంతు వివాహం గురించి బహిరంగంగా ఉపన్యసించాడు. స్మృతుల నుండి ప్రమాణాలు చూపుతూ, వితంతు వివాహం శాస్త్ర విరుద్ధం కాదని వాదించాడు. పండితులు దీన్ని ఖండిస్తూ సభలు జరిపారు. కరపత్రాలు, ప్రతిఖండనలు వెలువడ్డాయి. వాదోపవాదాలు రెండేళ్ళకు పైగా సాగాయి. వాదనతో మాత్రమే పని జరగదని, ఒక్క వివాహమైనా జరిపి చూపాలని వీరేశలింగం నిశ్చయించుకున్నాడు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం ఇంటిలో మొదటి వితంతు వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. పట్టణమంతా అట్టుడికిపోయింది. దౌర్జన్యం జరుగుతుందనే భయంతో పోలీసు బందోబస్తు ఏర్పాటు చేయవలసి వచ్చింది. కళాశాల విద్యార్థులు కాపలాగా నిలిచారు. నాలుగు రోజుల తరువాత, డిసెంబరు 15న, రెండవ వివాహం కూడా జరిగింది. కాకినాడకు చెందిన వర్తకుడు పైడా రామకృష్ణయ్య, ఆత్మూరి లక్ష్మీనరసింహం ఈ కార్యానికి ధన సహాయం, అండదండలు అందించారు.

వెలివేత

వివాహానికి హాజరైన వారినందరినీ కులం నుండి వెలివేసారు. ఆనాటి సమాజంలో వెలి అంటే ఏమిటో నేటి పాఠకులకు కొంత వివరించాలి. వెలిపడినవారి ఇంటికి పురోహితుడు రాడు. వంటవారు, నీళ్ళు మోసేవారు పని మానేస్తారు. బంధువులు భోజనానికి పిలవరు, పిలిచినా రారు. ఇంటిలో ఎవరైనా మరణిస్తే మోయడానికి నలుగురు దొరకరు. పిల్లలకు సంబంధాలు కుదరవు. కనుక ఉపన్యాసాలు విని చప్పట్లు కొట్టినవారిలో చాలామంది ఈ శిక్షకు తట్టుకోలేకపోయారు. కొందరు ప్రాయశ్చిత్తం చేయించుకొని తిరిగి కులంలో చేరారు. మరికొందరు వీరేశలింగం ఇంటి వైపు రావడం మానేసారు.

పనివారు మానివేసినప్పుడు రాజ్యలక్ష్మి స్వయంగా గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చింది. వివాహాలకు వచ్చినవారికి వంట చేసి వడ్డించింది. బాలవితంతువులను ఇంటిలో ఉంచుకొని కన్నబిడ్డల వలె చూసుకుంది. కొత్త దంపతులకు తలదాచుకునే చోటు లేకపోతే తమ ఇంటిలోనే చోటు కల్పించింది.

ప్రార్థన సమాజం అసలు ప్రయోజనం ఈ దశలోనే బయటపడింది. కులం మనిషికి ఇచ్చే నీడను ఒక్కసారిగా తీసివేసినపుడు, దానికి బదులుగా వేరొక తోడు కావాలి. కలసి ప్రార్థించేవారు, కలసి భోజనం చేసేవారు, కష్టంలో ఇంటికి వచ్చేవారు కావాలి. పత్రిక, ఉపన్యాసం ఈ పని చేయలేవు. వారం వారం కలుసుకునే అలవాటు ఉన్న బృందం మాత్రమే చేయగలదు. సభ్యులు కొద్దిమందే అయినా ఈ తోడు ఉన్నందువల్లనే మొదటి వివాహంతో ఉద్యమం ఆగిపోలేదు. వీరేశలింగం తన జీవితకాలంలో దాదాపు 40 వితంతు వివాహాలు జరిపించాడు.

మందిరం, పురమందిరం

బృందం స్థిరపడ్డాక ఆరాధనకు ప్రత్యేక కట్టడం అవసరమైంది. 1887లో రాజమండ్రిలో బ్రహ్మమందిరం నిర్మించబడింది. ఆ తరువాత 1890లో పట్టణ ప్రజల సభలకు, ఉపన్యాసాలకు ఉపయోగపడేలా పురమందిరాన్ని (టౌన్ హాలు) వీరేశలింగం నిర్మించాడు. ఈ రెండింటి ప్రయోజనాలు వేరు వేరు. మొదటిది విశ్వాసం కలిగినవారి కొరకు. రెండవది మత విశ్వాసంతో నిమిత్తం లేకుండా పౌరులందరి కొరకు. తాను నమ్మిన ఆరాధనను ఇతరులపై రుద్దకుండా, సంస్కరణకు మాత్రం అందరినీ పిలవాలనేది ఆయన ఉద్దేశమని ఈ నిర్మాణాలను బట్టి అర్థం చేసుకోవచ్చు.

1893లో ప్రభుత్వం ఆయనకు రావుబహదూర్ బిరుదునిచ్చింది. మహాదేవ గోవింద రానడే ఆయనను దక్షిణదేశ విద్యాసాగరుడిగా కొనియాడాడు. 1898లో మద్రాసులో జరిగిన సంఘ సంస్కరణ మహాసభకు ఆయన అధ్యక్షత వహించాడు.

మద్రాసు జీవితం

వీరేశలింగం 19వ శతాబ్దం చివరి సంవత్సరాల్లో మద్రాసుకు మకాం మార్చాడు. అక్కడ ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా పనిచేసాడు. అక్కడ కూడా వితంతు శరణాలయాన్ని నడిపాడు. తరువాత తిరిగి రాజమండ్రి చేరుకొని 1905లో అక్కడ వితంతు శరణాలయాన్ని నెలకొల్పాడు. తుదకు యజ్ఞోపవీతాన్ని కూడా విసర్జించి తన విశ్వాసాన్ని ఆచరణలో సంపూర్ణం చేసుకున్నాడు.

హితకారిణీ సమాజం

తన తరువాత ఈ పనులన్నీ ఏమవుతాయనే చింత ఆయనకు ఉండేది. దానికి పరిష్కారంగా 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి, తన యావదాస్తిని దానికి వ్రాసి ఇచ్చాడు. ఇల్లు, తోట, ముద్రణాలయం, పుస్తకాలపై ఆదాయం వంటివి వారసులకు కాక సమాజానికి చెందేలా చేయడం ఆనాటి తెలుగుదేశంలో అరుదైన విషయం. శరణాలయాన్ని, పాఠశాలను, సంస్కరణ కార్యక్రమాలను నడిపించడం ఈ సమాజపు బాధ్యత.

హితకారిణీ సమాజం ఆధ్వర్యంలో ఏర్పడినదే వీరేశలింగ ఆస్తిక పాఠశాల. ఏ ఒక్క మతాన్నో బోధించకుండా, దైవభక్తి, సత్ప్రవర్తన నేర్పడం దీని ఆశయం. ఈ విధంగా ప్రార్థన సమాజంలో కొద్దిమందికే పరిమితమైన భావం, పాఠశాల ద్వారా వందలాది విద్యార్థులకు చేరే మార్గం ఏర్పడింది.

సమకాలికులు, శిష్యులు

వీరేశలింగం ప్రభావం రాజమండ్రికే పరిమితం కాలేదు. కాకినాడలో పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుండి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వేంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ భావాలను మరొక తరం విద్యార్థులకు అందించాడు. వేశ్యల మేళాలను మాన్పించే ఉద్యమం ఆయన కృషివల్ల బలపడింది. పిఠాపురం మహారాజా ఆయనకు అండగా నిలిచాడు. రాజమండ్రిలో ప్రముఖ రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం 1909లో అంటరానివారుగా పరిగణించబడిన కులాల పిల్లల కొరకు ఒక పాఠశాలను స్థాపించి, దానికి రామమోహన రాయ్ పేరు పెట్టాడు.

సాహిత్య సేవ

వీరేశలింగం సుమారు 100కు పైగా గ్రంథాలు వ్రాసాడు. ఆయన రచనల్లో ఎక్కువభాగం సమాజానికి చదువు చెప్పే ఉద్దేశంతో వ్రాసినవే.

* రాజశేఖర చరిత్రము - 1878లో వివేకవర్ధనిలో ధారావాహికంగా మొదలై 1880లో పుస్తకంగా వెలువడింది. తెలుగులో తొలి నవలలలో ఒకటిగా ప్రసిద్ధి చెందింది.
* బ్రహ్మవివాహము - బాల్యవివాహాలను, వృద్ధుల పెళ్ళిళ్ళను ఎగతాళి చేసే ప్రహసనం.
* ఆంధ్రకవుల చరిత్రము - తెలుగు కవుల జీవితాలను, కాలాలను పరిశోధించి వ్రాసిన గ్రంథం.
* శాస్త్ర గ్రంథాలు - జ్యోతిశ్శాస్త్రం, శారీరశాస్త్రం, తర్కం, జంతుశాస్త్రం వంటి విషయాలపై సులభ పరిచయాలు.
* స్వీయచరిత్రము - రెండు భాగాలుగా వెలువడిన ఆత్మకథ. తెలుగు గద్యంలో తొలి ఆత్మకథగా పరిగణిస్తారు. ప్రార్థన సమాజం, వితంతు వివాహాల గురించి తెలుసుకోవడానికి ఇది ప్రధాన ఆధారం.

చివరి దశ

1910 ఆగష్టులో రాజ్యలక్ష్మి మరణించింది. ఇది వీరేశలింగానికి కోలుకోలేని దెబ్బ. దాదాపు యాభై ఏళ్ళ సహచర్యం ముగిసింది. చివరి సంవత్సరాల్లో పత్రికలలో విమర్శలు, న్యాయస్థాన వ్యవహారాలు కూడా ఆయనకు మనస్తాపం కలిగించాయి. ఒకప్పటి అనుచరులలో కొందరు దూరమయ్యారు. అయినా గ్రంథ రచన మానలేదు. తన ఆంధ్రకవుల చరిత్రమును సవరించి విస్తరించే పనిలో ఉండగా 1919 మే 27న మద్రాసులో మరణించాడు.

విమర్శలు, అంచనా

వీరేశలింగం కృషికి కొన్ని పరిమితులున్నాయని చరిత్రకారులు గుర్తించారు. ఆయన జరిపించిన వివాహాలలో ఎక్కువభాగం బ్రాహ్మణ కుటుంబాలకు చెందినవి. బాలవితంతువుల సమస్య ప్రధానంగా అగ్రవర్ణాలకు సంబంధించినది కావడం ఇందుకు కారణం. వివాహం చేసుకొన్న యువకులలో కొందరు ఆదర్శంతో కాక ఉద్యోగం, ధనసహాయం ఆశించి వచ్చినవారున్నారు. ఈ విషయంలో ఆయనకు నిరాశ తప్పలేదు.

రెండవ విషయం రాజకీయ పరిస్థితుల మార్పు. 1907 ఏప్రిల్లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రికి వచ్చి వందేమాతరం ఉద్యమాన్ని గురించి ఉపన్యసించినపుడు పట్టణంలోని విద్యార్థులు ఉర్రూతలూగారు. పాల్ కూడా బ్రహ్మసమాజీకుడే కావడం విశేషం. ఆనాటి నుండి యువకుల దృష్టి సంఘ సంస్కరణ నుండి జాతీయోద్యమం వైపు మళ్ళింది. ముందు ఇల్లు చక్కదిద్దుకోవాలా, ముందు స్వాతంత్ర్యం సాధించాలా అనే ప్రశ్నకు వీరేశలింగం మొదటి పక్షాన నిలిచాడు. యువతరం రెండవ పక్షాన నిలిచింది.

మూడవది, ఆయన ప్రవేశపెట్టిన ఆరాధన ప్రజల్లో విస్తరించలేదు. ఏ కొద్ది కుటుంబాలలోనో తప్ప బ్రహ్మమతం తెలుగునాట నిలదొక్కుకోలేదు. నిరాకార ప్రార్థన, ప్రసంగం చదువుకున్నవారిని ఆకర్షించినట్లు సామాన్య ప్రజలను ఆకర్షించలేకపోయాయి. పండుగలు, తీర్థాలు, ఊరి దేవతల జాతరలు ప్రజలకు ఇచ్చే ఆనందాన్ని అవి ఇవ్వలేకపోవడం ఒక కారణం కావచ్చు.

ఇన్ని పరిమితులున్నా ఫలితం తక్కువది కాదు. మతంగా నిలవనిది విద్యగా, ఆచారంగా నిలిచింది. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవడం, ఆడపిల్ల బడికి వెళ్ళడం, భిన్న కులాలవారు ఒకేచోట కూర్చోవడం నాడు వెలికి కారణాలు. వాటిని మామూలు విషయాలుగా చేసే దిశలో తొలి అడుగు వేసినది వారం వారం ప్రార్థనకు కూర్చున్న ఆ కొద్దిమందే.

స్మారకాలు

రాజమండ్రిలో వీరేశలింగం నివసించిన ఇల్లు స్మారకంగా పరిరక్షించబడుతూ ఉంది. ఆయన తోటలో వీరేశలింగం, రాజ్యలక్ష్మి దంపతుల సమాధులున్నాయి. పురమందిరం, ఆస్తిక పాఠశాల ఆయన పేరును గుర్తుచేస్తూ ఉన్నాయి. ఆయన పేరిట ఆస్తిక కళాశాల, రాజ్యలక్ష్మి పేరిట మహిళా కళాశాల ఆ పట్టణంలోనే ఏర్పడ్డాయి. బాలికల చదువు కొరకు మొదలైన ఆ దంపతుల కృషి ఆమె పేరుతో ఒక మహిళా కళాశాలగా రూపుదిద్దుకోవడం ఎంతో సముచితం.

ముఖ్య ఘట్టాలు

* 1848 ఏప్రిల్ 16 - రాజమండ్రిలో జననం
* 1861 - రాజ్యలక్ష్మితో వివాహం
* 1874 - ధవళేశ్వరంలో బాలికా పాఠశాల, వివేకవర్ధని పత్రిక ప్రారంభం
* 1876 - రాజమండ్రికి రాక
* 1878 - ప్రార్థన సమాజ స్థాపన
* 1879 - వితంతు వివాహంపై తొలి బహిరంగ ఉపన్యాసం
* 1881 డిసెంబరు 11 - మొదటి వితంతు వివాహం
* 1883 - సతీహితబోధిని ప్రారంభం
* 1887 - బ్రహ్మమందిర నిర్మాణం
* 1890 - పురమందిర నిర్మాణం
* 1893 - రావుబహదూర్ బిరుదు
* 1898 - మద్రాసు సంఘ సంస్కరణ మహాసభకు అధ్యక్షత
* 1905 - రాజమండ్రిలో వితంతు శరణాలయం
* 1906 - హితకారిణీ సమాజ స్థాపన
* 1910 - రాజ్యలక్ష్మి మరణం
* 1919 మే 27 - మద్రాసులో మరణం